తిన్న యినుమెల్ల ఒంటబట్టునా?

చల్లపల్లి ప్రాంతమున తోటకూరకు కొదువ లేదు. అయినను రక్తహీనతతో పాలిపోయిన తల్లులు మన యిండ్లలో నున్నారు. కూరలోని యినుమంతయు రక్తమున చేరకుండుట యిందుకొక కారణము. ఎంత చేరునో తెలియుటెట్లు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఇందులకు ‘కాకో-2’ కణములను వాడిరి. ఇవి తొలుత ఒక రోగి పెద్దప్రేగులోని క్యాన్సరునుండి తీసినవి. పాత్రలో సుమారు 21 దినములు పెంచగా ఇవి చిన్నప్రేగు లోపొరను పోలును. ఆహారమును ఆమ్లముతోను జీర్ణరసములతోను అరగించి, ఆ సారమును ఈ పొరకు అందింతురు. కణములు ఇనుమును గ్రహించినకొలది వానిలో ఫెరిటిన్ అను మాంసకృత్తు పెరుగును, దానిని కొలుతురు. నిమ్మరసము చేరిన నది హెచ్చును. తేనీటి వగరు చేరిన తగ్గును.

పాత్రలోని పొర మనుష్యుడు కాదు. తుది తీర్పు మనుష్యులపై జరుపు పరీక్షలదే. ఈ రెంటి విషయమున ఆ తీర్పు సైతము ఇట్లే యున్నది. కావున భోజనముతో తేనీరు మానుడు. తోటకూర పప్పన్నముపై నిమ్మకాయ పిండుడు. పాలిపోయినవారిని మాత్రము వైద్యునకు చూపుట మరువకుడు.