చీరల బీరువాలో పాటల రికార్డింగ్!

రాత్రి పదకొండు. ఫ్యాను కట్టేశారు. కిటికీకి బొంత వేలాడదీశారు. ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశారు. బీరువా తలుపులు బార్లా తెరిచి, వరసగా వేలాడుతున్న చీరలకి ఎదురుగా నిలబడి ఓ అమ్మాయి చెమటలు కక్కుకుంటూ పాడుతోంది. చూసినవాళ్లకి ఏ దయ్యమో పట్టిందనిపిస్తుంది. కానీ అక్కడ జరుగుతున్నది సాక్షాత్తూ పాటల రికార్డింగ్!

లాప్‌టాప్, మైకు, హెడ్‌ఫోన్స్, మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె... సరంజామా అంతే. సాఫ్ట్‌వేర్ వాడకం వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. చెవికి చదువు చెప్పించడానికే ఏళ్లు పడుతుంది.

ఒకరు తప్పితే అందరూ మళ్లీ!

బ్లాక్ అండ్ వైట్ సినిమాల కాలంలో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో గాయకులు, వయొలిన్లు, తబలా, ఫ్లూటు అంతా కలిసి ఒకేసారి కానివ్వాల్సిందే. చివరి చరణంలో ఒక్కరు తడబడితే మళ్లీ పల్లవి నుంచి మొదలు. ఆ తర్వాత ఒక్కో వాద్యాన్ని విడివిడిగా ఎక్కించే ట్రాకులొచ్చాయి. 1967లో బీటిల్స్ బృందం తమ 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బమ్‌ని లండన్‌లో నాలుగు ట్రాకుల టేపు యంత్రాల మీదే తయారుచేసింది. నాలుగూ నిండితే వాటిని కలిపి ఇంకో టేపులోకి ఎక్కించి, మళ్లీ చోటు చేసుకునేవారు.

ఏ.ఆర్.రెహమాన్ 1989లో చెన్నైలోని ఇంటి పెరట్లో సొంత స్టూడియో కట్టుకున్నారు. 1992లో 'రోజా' వచ్చింది. ఆయనది పడగ్గది కాదు, పద్ధతిగా కట్టుకున్న స్టూడియోనే. అచ్చంగా పడగ్గదిలోనే చెయ్యొచ్చని నిరూపించింది అమెరికా అమ్మాయి బిల్లీ ఐలిష్. లాస్ ఏంజెలెస్‌లో అన్నయ్య ఫినియస్ గదిలో ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమ్ 2019లో విడుదలై, మరుసటి ఏడాది గ్రామీల్లో పెద్ద అవార్డులన్నీ ఎగరేసుకుపోయింది.

సాఫ్ట్‌వేర్ సంగతంటారా... 2000లో విడుదలైన ఆడాసిటీ అప్పుడూ ఉచితమే, ఇప్పుడూ ఉచితమే. మాక్ కంప్యూటర్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉంది. విన్‌యాంప్ గుర్తుందిగా, దాన్ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెలే రీపర్‌నీ తెచ్చాడు. దాన్ని అరవై రోజులు ఊరికే వాడి చూడొచ్చు. బీటిల్స్‌కి దొరికిన నాలుగు ట్రాకులెక్కడ, ఇందులో తెరుచుకునే వందలెక్కడ!

గదే మొదటి శత్రువు

మొదటిసారి రికార్డు చేసుకుని విన్నవాళ్లు దాదాపు అందరూ అనే మాట ఒకటే... 'ఇదేంటి, బాత్రూమ్‌లో పాడినట్టుంది!' తప్పు గొంతుది కాదు, గోడలది. గొంతు మైకులోకి వెళ్లాక, అదే గొంతు సున్నపు గోడకి, గచ్చుకి తగిలి మళ్లీ మళ్లీ మైకు దగ్గరికొస్తుంది. ఒకసారి రికార్డయిన ప్రతిధ్వనిని తుడిచెయ్యడం మహా కష్టం. చీరలు, బొంతలు, పరుపులు దాన్ని పీల్చుకుంటాయి. బీరువా రహస్యం అదన్నమాట. సున్నితమైన కండెన్సర్ మైకు పక్కింటి కుక్కర్‌నీ వదలదు కాబట్టి, సందడి ఇళ్లకి కచేరీ వేదికల మీద కనిపించే డైనమిక్ మైకే నయం.

మైకుకీ నోటికీ మధ్య జానెడు దూరం చాలు. శబ్దం మట్టం ఎర్రగీత దాటకూడదు. టేపు మీద కాస్త దాటినా గొంతు కొంచెం గరుకెక్కేది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ దగ్గర గొంతు తెగిపోయి చిటపటలాడుతుంది. గట్టిగా పాడినచోట కూడా మైనస్ పది దగ్గర ఆగేలా పెట్టుకుంటే నిశ్చింత. ఇంకో చిట్కా... పాట మొదలెట్టే ముందు ఐదు సెకన్లు ఊరుకోండి. ఆ ఖాళీలో దొరికిన రొదని నమూనాగా చూపిస్తే, పాటలోంచి అలాంటి రొదని సాఫ్ట్‌వేర్ ఏరేస్తుంది.

హెడ్‌ఫోన్స్‌లో సొంత గొంతు ఆలస్యంగా వినిపించి తాళం తప్పడం ఇంకో తలనొప్పి. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా పోగేసుకుని పంపుతుంది. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన, ముక్కకి 1024 పోగేస్తే ఒకవైపు ప్రయాణానికే 23 మిల్లీసెకన్లు. అదే 128 అయితే మూడు. పాడేటప్పుడు 'బఫర్' తగ్గించి, మిక్సింగ్‌లో పెంచుకోవాలి.

తోడి రాగం తెలియని మీట

ఇక ఎడిటింగ్. అయిదుసార్లు పాడి, బాగున్న పాదాలన్నీ ఏరి అతికేస్తే ఒక మంచి పాట. ఇంతవరకూ పేచీ లేదు. ఊపిరి పీల్చిన చప్పుళ్లన్నీ కత్తిరించేస్తేనే చిక్కు. పాడుతున్నది మనిషా, గోడ గడియారమా అనిపిస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు శ్రుతి సరిచేసే మీట దగ్గరుంది. దీని పుట్టుక చిత్రం. ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజినీరు చమురు నిక్షేపాల కోసం భూమిలోకి పంపిన తరంగాల్ని విశ్లేషించే పనిలో ఉండేవాడు. అదే గణితం గొంతు శ్రుతిని పట్టడానికి పనికొచ్చింది. అలా 1997లో ఆటోట్యూన్ మార్కెట్లోకొచ్చింది. మరుసటి ఏడాదే షేర్ అనే గాయని 'బిలీవ్' పాటలో దాన్ని కావాలనే అతిగా వాడి, మరమనిషి గొంతుని ఫ్యాషన్ చేసేశారు.

మామూలుగా ఆ మీటకి తెలిసింది పన్నెండు మెట్లే. గొంతు రెండు మెట్ల మధ్య కనిపిస్తే, దగ్గరున్న మెట్టు మీదకి లాగేస్తుంది. మన పాట సగం ఉండేది ఆ మధ్యలోనే కదా! తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు. కింద రిషభం వైపు వంగి, పైన మధ్యమం దాకా లేచి ఊగుతుంది. ఆ ఊపే తోడి. మీటని పూర్తి వేగంతో తిప్పారా, ఊయల కాస్తా నిచ్చెనైపోతుంది. గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధించిన గమకం ఆ మీట దృష్టిలో ఒట్టి అపశ్రుతి! ఏది గమకమో ఏది తప్పో చెప్పాల్సింది వినేవాడే. అందుకే తెలిసినవాళ్లు పాటంతటికీ ఒకేసారి మీట తిప్పరు. జారిన ఒక్క స్వరాన్ని ఎంచుకుని, దాన్ని మాత్రం కొద్దిగా జరుపుతారు. అంతకన్నా తేలికైన పని... ఆ పాదం మళ్లీ పాడటం.

కలపడమంటే తీసెయ్యడమే

మిక్సింగ్ అంటే అన్నీ పెంచుకుంటూ పోవడం అనుకుంటారు కొత్తవాళ్లు. గొంతు వినిపించలేదని గొంతు, తబలా తగ్గిందని తబలా... చివరికి అంతా రొద. నిజానికి తగ్గించడంలోనే ఉంది కిటుకు. గొంతు ట్రాకులో 80 హెర్ట్‌జ్ కింద ఉండేది చాలావరకు లారీల గుడగుడ, ఫ్యాను రొద. అది తీసేస్తే గొంతే తేటపడుతుంది. గిటార్‌లో కాస్త తగ్గిస్తే గొంతుకి చోటొస్తుంది. రివర్బ్ ఉప్పులాంటిది, వేసినట్టు తెలియకూడదు.

గంటసేపు వింటే చెవి మొద్దుబారుతుంది. లేచి కాసేపు తిరిగిరావాలి. ఖరీదైన హెడ్‌ఫోన్స్‌లో అదిరిన పాటని ఒకసారి మామూలు ఫోన్ స్పీకర్లో, ఆటోలో వినాలి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి. ఇక హోరు పెంచితే జనం ఎక్కువ వింటారన్న ఆశ వద్దు. స్పాటిఫైలాంటివి అన్ని పాటల్నీ దాదాపు ఒకే మట్టానికి దించేస్తాయి.

నాయనమ్మ ఫైలు

ఈ విద్య నేర్చుకునేవాళ్లంతా సినిమా ఛాన్సుల కోసమే అనుకుంటే పొరపాటు. ఇంట్లో పెద్దవాళ్ల గొంతు ఫోన్‌లో ఉండిపోయి, దాన్ని బాగుచేసుకోవాలని మొదలెట్టేవాళ్లూ ఉంటారు. చీరల ముందు పాడుతున్న అమ్మాయి లాప్‌టాప్‌లో కూడా అలాంటి ఫైలొకటి ఉందనుకుందాం. నాయనమ్మ పాడిన మంగళహారతి. వెనక ఫ్యాను హోరు. రొద తీసే మీటని గట్టిగా తిప్పితే హోరు పోయింది, దాంతోపాటు నాయనమ్మ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టయింది. ఇంకాస్త తగ్గించి మళ్లీ. నాలుగోసారికి కుదిరింది... హోరు కొంచెం మిగిలింది, గొంతూ మిగిలింది. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద చేసింది కాబట్టే నాలుగోసారి చెయ్యగలిగింది.

రెండో చరణం మధ్యలో కుక్కర్ కూత వేస్తుంది. పాట ఆపి 'స్టవ్ కట్టెయ్యవే' అంటుంది నాయనమ్మ. మళ్లీ అదే శ్రుతిలో అందుకుంటుంది. ఆ మూడు సెకన్లని కత్తిరించడం నిమిషం పని. తెర మీద ఆ ముక్కని ఎంచి, డిలీట్ మీద వేలుంచి, అమ్మాయి ఇంకోసారి విన్నది. తర్వాత వేలు తీసేసి ఫైలు సేవ్ చేసి పడుకుంది.