కారు వెనుక కమానులలో చప్పుడు : కారణ నిర్ణయము

కమాను అను మాట ఫారసీది. దానికి విల్లు అని అర్థము. చార్మినారు చెంత నిలిచియున్న మచిలీ కమాన్, కాలీ కమాన్ మొదలగు తోరణములకును, బండి క్రింద వంగియుండు ఉక్కుపట్టీల కట్టకును ఒకే పేరు కలుగుటకు ఆ వంపే కారణము. గుర్రపుబండ్ల నుండి ఈ కట్ట మోటారు కార్లకు సంక్రమించినది. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన 1912 నాటి నిజాము రోల్స్‌రాయిస్‌లోను, 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్‌లోను వెనుక భారము మోయునది ఇదియే. పాతబస్తీ వీధులలో నేడు అంబాసిడర్లు అరుదైనను, సరకులు మోయు చిన్న బండ్లనేకము కమానుల మీదనే నడచుచున్నవి. కావున ఈ విషయము పాతబడినదని మేము తలంచుట లేదు.

అంబాసిడర్‌ను ఉదాహరణగా గైకొందము. ఇరుప్రక్కల ఒక్కొక్క కట్ట ఉండును. అందలి పట్టీలు క్రిందికి పోవుకొలది పొట్టివగును. కట్ట నడుమను ఇరుసు హౌసింగ్‌కు యూ బోల్టులతో బిగింతురు. పట్టీలన్నిటిని గ్రుచ్చి ఒక సెంటర్ బోల్టు ఉండును. దాని తల ఇరుసు పీఠములోని రంధ్రమున కూర్చుండి ఇరుసును కదలనీయదు. కట్ట ముందుకొన బాడీకి నేరుగా తగిలింపబడును. వెనుకకొన మాత్రము షాకిల్ అను ఊగెడు లంకెకు తగిలింపబడును. ఏలయన, భారము పడినప్పుడు వంపు తగ్గి కట్ట పొడుగగును; ఆ పొడుగునకు చోటు కావలెను. రెండు కొనలయందును రబ్బరు బుష్‌లు ఉండి ఇనుమును ఇనుము తాకకుండ కాపాడును. ఆ రబ్బరు అరిగిన నాడు "ధడ్, ధడ్" అను చప్పుడు మొదలగును.

చప్పుడు వినగానే షాక్ అబ్జార్బర్లు మార్పించుట మన ఊరిలో పరిపాటి. ఇది తరచు వృథా వ్యయమే. షాక్ అబ్జార్బరు బరువు మోయదు, ఊగుటను అణచును. అది బలహీనమైనచో బండి ఊగును గాని, చప్పుడు సాధారణముగా దాని చివరల బుష్‌ల నుండి వచ్చును. బండి మూలను చేతులతో నొక్కి వదలి చూచు పరీక్ష అందరికి తెలిసినదే. అయితే పట్టీల నడుమ రాపిడియే ఊగుటను కొంత అణచును గనుక, కమానుబండ్ల విషయమున ఈ పరీక్షనే నమ్మరాదు. నూనె కారిన జాడ ఉన్నదేమో కూడ చూడవలెను.

చెవి మోసపోవుటకు శాస్త్రకారణము కలదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోగా, ఉక్కులో సుమారు 5 కిలోమీటర్లు పోవును. అంబాసిడర్‌కు వేరుగా చాసిస్ లేదు. బాడీ అంతయు ఒకటే పెట్టె. ఎడమ షాకిల్‌లో పుట్టిన చప్పుడు ఆ పెట్టె అంతట మ్రోగి, వెనుక సీటులో కూర్చున్నవారికి కుడిప్రక్క వినబడిన ఆశ్చర్యము లేదు. అందుచేత "ఎక్కడ" అని గాక "ఎప్పుడు" అని అడుగుట మేలు.

మొదట డిక్కీ ఖాళీ చేయవలెను. జాకీ, పానాలు, సరిగా బిగింపని స్టెప్నీ చేయు చప్పుడుకు కమాను విప్పించుకొన్నవారు లేకపోలేదు! పిదప సైలెన్సర్ గొట్టము బాడీని తాకుచున్నదేమో చూడవలెను. చిన్న గుంతలలో మెల్లగా పోవునపుడు చప్పుడైనచో బుష్‌లను అనుమానింపవలెను. పెద్ద స్పీడ్ బ్రేకరు మీద, నిండు భారముతో మాత్రమే అయినచో ఇరుసు పైనున్న రబ్బరు దిమ్మ ఊడినదేమో చూడవలెను. క్లచ్ వదలగనే ఒక్కసారి కొట్టినచో ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ అరిగియుండవచ్చును, లేదా యూ బోల్టులు వదులై ఇరుసు మెలిపడుచుండవచ్చును. బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను ఆపి, షాఫ్టును చేతితో త్రిప్పినచో క్రాస్‌లోని ఆట కంటికి కనబడును.

బండి క్రిందికి పోవుటకు ముందు ఒక మాట. మన విద్యార్థులలో సాయంకాలము షెడ్డులలో పనిచేయువారు ఈ మాటను తేలికగా గైకొనరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ముందు చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, గట్టి నేల మీద స్టాండులు నిలిపిన పిమ్మటనే లోనికి దూరవలెను. ఇటుకలు పేర్చి దూరు అలవాటు ప్రాణాంతకము. మేస్త్రీ తొందరపెట్టినను వినరాదు.

లోపల సబ్బల్‌తో కమాను కంటిని మెల్లగా ఎత్తి చూచినచో అరిగిన బుష్ కదలును. యూ బోల్టుల వద్ద తుప్పు నడుమ తళతళలాడు గీత యున్నచో అచట లోహము జరుగుచున్నదని తెలియవలెను. పట్టీ విరిగినచో బండి ఒక ప్రక్కకు ఒరగును. రెండు చక్రములపై మడ్‌గార్డుల ఎత్తును సమతలమున కొలిచిన తెలియును. అన్నిటికంటె అపాయకరమైనది సెంటర్ బోల్టు విరుగుట. అప్పుడు ఇరుసు వెనుకకు జరిగి, స్టీరింగు నేరుగా పట్టినను బండి ప్రక్కకు లాగును. ముందు చక్రము నడిమి నుండి వెనుక చక్రము నడిమికి రెండు ప్రక్కలను టేపుతో కొలిచి, తేడా యున్నచో ఆ బండిని రోడ్డు ఎక్కింపరాదు. పెండ్లివారిని తొమ్మిదిమందిని ఎక్కించుటకు అదనపు పట్టీ వేయించువారున్నారు. పట్టీ భారము మోసినను, ఆ భారము చివరకు బుష్‌ల మీదను, బాడీలోని తగిలింపుల మీదను పడును.

రబ్బరు బుష్‌లకు గ్రీజు పూయుట మరియొక దురలవాటు. చప్పుడు కొన్నాళ్ళు మాయమగును. పిదప రబ్బరు ఉబ్బి మెత్తబడి మునుపటికంటె త్వరగా చెడును. క్రొత్త బుష్ వేసినపుడు బోల్టులను బండి నేలమీద, తన బరువు మీద నిలిచిన తరువాతనే పూర్తిగా బిగింపవలెను. చక్రములు వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు ఎల్లప్పుడు మెలిపడియుండి చిరిగిపోవును. యూ బోల్టులను సరిజోడుగా, ఒకదాని తరువాత ఒకటి కొంచెము కొంచెముగా బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల పానా వేసి చూడవలెను.