చేటలో, చీపురులో దేవుని పాఠం

ఇంటిపని ఆధ్యాత్మిక జీవితానికి బయటి విషయమని మనలో చాలామంది అనుకుంటాం. ప్రార్థన, వాక్యపఠనం, ఆరాధన ఒకవైపు. వంట, బట్టలు, అంట్లు మరోవైపు. మొదటివి దేవుని కోసం, రెండోవి కడుపు కోసం అని లెక్క వేసుకుంటాం. యేసుప్రభువు మాత్రం అలా గీత గీయలేదు. పరలోకరాజ్యాన్ని గురించి చెబుతూ ఆయన పిండిలో పులిపిండి కలిపే స్త్రీని చూపించాడు. తప్పిపోయిన పాపి కోసం దేవుడు ఎంతగా వెతుకుతాడో చెప్పడానికి ఇల్లు ఊడ్చే స్త్రీని చూపించాడు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఆ స్త్రీ దగ్గర 10 వెండి నాణేలున్నాయి. ఒకటి పోయింది. ఆమె దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, అది దొరికేదాకా వెతికింది. ఆ నాణెం వీధిలో పోలేదు, ఇంట్లోనే పోయింది. మన ఇళ్లలోనూ పోగొట్టుకున్నవి చాలాసార్లు ఇంట్లోనే ఉంటాయి. ఒకే కప్పు కింద ఉంటూ మాటలు కరువైన అన్నదమ్ములు, ఒకే కంచంలో తిని పెరిగినా ఇప్పుడు మనసు విప్పని పిల్లలు! వారిని వెతకాలంటే దీపం, చీపురు, ఓపిక మూడూ కావాలి.

కృష్ణా డెల్టా వరికి పుట్టినిల్లు. ఇక్కడి ఆడవాళ్లకు చేట గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. బియ్యం చెరిగితే ఊక, తవుడు ఎగిరిపోతాయి. రాళ్లు, మట్టిబెడ్డలు మాత్రం ఎగరవు. వాటిని వెలుతురులో కూర్చుని ఒక్కొక్కటిగా వేళ్లతో ఏరాల్సిందే. బాప్తిస్మమిచ్చు యోహాను రాబోయే ప్రభువును చేట చేతబట్టినవానిగా వర్ణించాడు. మనలోని తప్పులు కూడా అంతే. కొన్ని ఒక్క ప్రసంగం వింటే ఎగిరిపోతాయి. మనసులో గట్టిపడిన పగ, అసూయ లాంటివి అలా పోవు. వాక్యపు వెలుగులో కూర్చుని రోజూ ఏరుకోవాలి.

ఇక పిండి సంగతి. మత్తయి 13వ అధ్యాయంలోని స్త్రీ మూడు కుంచాల పిండిలో పులిపిండి దాచిపెట్టింది. రాత్రి ఇడ్లీపిండి రుబ్బి మూతపెట్టి పడుకునే ఇల్లాలికి ఈ ఉపమానాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. బెజవాడ వేసవిలో అయితే తెల్లారేసరికి గిన్నె అంచు దాటి పొంగుతుంది. చలికాలంలో ఇంకాస్త ఆగాలి. మాటిమాటికీ మూత తీసి చూసినంత మాత్రాన త్వరగా పొంగదు. పిల్లల మారుమనస్సు కోసం ఏళ్ల తరబడి ప్రార్థించే తల్లికి ఇందులో ఎంతో ఆదరణ ఉంది.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. పని ఒకరు చేస్తుంటే, అందులోని పాఠం మరొకరు చెప్పడం! 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని కోసం దాన్ని చేసే స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పనిలో చేయి వేసిన పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. విశ్వాసుల ఇళ్లు ఈ లెక్కకు బయట ఉన్నాయని చెప్పగలమా? సంఘంలో ప్రేమవిందు జరుగుతుంది. భోజనానికి ముందు ప్రార్థన చేసేవారు చాలామంది ఉంటారు. విందయ్యాక గుండిగలు తోమేవారు ఎవరు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలను ముంచెత్తింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్లు తొక్కింది. ఆ వరదను ఎవరి పాపానికో శిక్షగా చెప్పడం తగదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటే పాపులన్న ఆలోచనను ప్రభువే తోసిపుచ్చాడు. నీరు తీసిన తర్వాత ఇళ్లలో బురద మిగిలింది. ఫైరింజన్లు వచ్చి నీళ్లు చిమ్మి వీధులను, ఇళ్లను కడిగాయి. కానీ బీరువా మూలలు, బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాల అర మాత్రం ఇంటివాళ్లే చేత్తో తుడుచుకోవాలి కదా! ఆ రోజుల్లో బురద ఎత్తడం ఆడపనా, మగపనా అని అడిగే తీరిక ఎవరికుంది? ఇల్లు ఆరిపోయాక చీపురు మళ్లీ ఒక్కరి చేతికే చేరిందా అన్నది మాత్రం ప్రతి ఇంటా వేసుకోవలసిన ప్రశ్న.

మార్తను మనం తరచూ తప్పుపడతాం. ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు. అనేక పనులను గురించిన కలవరాన్నే సరిదిద్దాడు. యోహాను సువార్త 12వ అధ్యాయంలో బేతనియలో ఆమె మళ్లీ వడ్డిస్తూనే కనిపిస్తుంది. ఈసారి మందలింపు లేదు. 17వ శతాబ్దంలో పారిస్ నగరంలోని ఒక మఠంలో వంటవాడిగా పనిచేసిన బ్రదర్ లారెన్స్‌కు వంటపనంటే స్వతహాగా ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్యే దేవుని సన్నిధిని అనుభవించడం నేర్చుకున్నాడు. 1691లో ఆయన మరణించాక, ఆయన సంభాషణలు, ఉత్తరాలు పుస్తకంగా వచ్చి నేటికీ చదవబడుతున్నాయి.

అన్నిటికంటే పెద్ద పాఠం మేడగదిలో ఉంది. ఆనాడు కాళ్లు కడగడం దాసులు చేసే పని. ఆ రాత్రి అక్కడున్న శిష్యుల్లో ఎవరూ లేవలేదు. ప్రభువే లేచి, పైవస్త్రం తీసిపెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి వారి పాదాలు కడిగాడు. ఆ తర్వాతే కూర్చుని బోధించాడు. పని ముందు, పాఠం తర్వాత! పునరుత్థానుడైన తర్వాత కూడా తిబెరియ సముద్రతీరాన రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యుల కోసం నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి పెట్టింది ఆయనే. మరణాన్ని గెలిచిన చేతులకు వంటపని చిన్నతనం కాలేదు.

నిన్న తోమిన గిన్నె ఈ రోజు మళ్లీ తోమాలి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నాను ఏ రోజుకారోజు ఏరుకున్నట్టే, మనకూ కృప అనుదినం కావాలి. ఈ సత్యం అంట్ల దగ్గర నిలబడినవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అందుచేత ఈ ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వెళ్లాక, భోజనం చేసి చేయి కడుక్కుని లేచిపోవద్దు. ఇంట్లో ఎవరి కంచం వారు ఎత్తుదాం. పక్కవారి కంచం కూడా ఎత్తుదాం. తువాలు కట్టుకున్న ప్రభువు అడుగుజాడ అక్కడే కనిపిస్తుంది.