పుండును చదివే విద్య

ఖమ్మం నుండి సత్తుపల్లికి పోయే దారిలో, కొత్తగూడెం వైపు మరొక బాట చీలేచోట తల్లాడ ఉన్నది. ఈ ప్రాంతపు కేన్సరు రోగికి పెద్ద దిక్కు 1955లో హైదరాబాదులో నెలకొల్పిన మెహదీ నవాజ్ జంగ్ ఆస్పత్రి. అది ఖమ్మానికే దాదాపు 200 కిలోమీటర్ల దూరం. మానని పుండుతో మంచం పట్టిన మనిషిని మాటిమాటికీ అంతదూరం తీసుకొనిపోవడం ఎవరి తరం? కనుక ఇంటివద్ద కట్టు మార్చే నర్సు వ్రాసిన నాలుగు పంక్తులే డాక్టరుకు కళ్ళు.

ఆ పంక్తులలో ‘పుండు బాగా లేదు’ అని మాత్రమే ఉంటే ఏమి ప్రయోజనం? 1859 నాటి తన నర్సింగు గ్రంథంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగిని పరిశీలించడానికే ఒక అధ్యాయం కేటాయించింది. మామూలు గాయాన్ని కొలిచేది అది ఎంత మానిందో తెలుసుకొనడానికి. కేన్సరు చర్మాన్ని చీల్చుకొని బయటపడిన పుండు చాలమట్టుకు మానదు. పెద్దలు రాచపుండు అన్నది ఊరకే కాదు. దీనిని కొలిచేది రోగిని ఏది బాధిస్తున్నదో, అందులో దేనిని తగ్గించగలమో తెలియడానికి.

పుండు ఎక్కడ ఉన్నది, పొడవు వెడల్పులు ఎన్ని సెంటీమీటర్లు, పుట్టగొడుగువలె పైకి లేచినదా, గుంటవలె లోనికి దిగినదా అన్నవి తొలిమాటలు. నలుపు చచ్చిన కండకు గుర్తు. అయితే ఎర్రగా ఉన్నదని సంతోషించరాదు. ఈ పుండులో ఎర్రని కండ సైతం తాకితే నెత్తురు కారుస్తుంది. అంటుకొన్న గుడ్డను లాగక, కాచి చల్లార్చిన ఉప్పునీటితో తడిపి తీయాలన్నది అందుకే. రసి ‘ఎక్కువ’ అని వ్రాయడం కన్నా కట్టు రోజుకు ఎన్నిసార్లు మార్చవలసివచ్చిందో వ్రాయడం మేలు.

వాసనకు కొలబద్ద ఎక్కడిది అంటారేమో. ఉన్నది. కట్టు ఉండగానే గదిలో అడుగుపెట్టినవారికి తగిలితే తీవ్రం. కట్టు విప్పిన పిమ్మట గదిలోకి వచ్చినవారికి తగిలితే మధ్యమం. విప్పి దగ్గరకు వంగితేనే తెలిసేది స్వల్పం. చచ్చిన కండలో గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పెరగడం ఈ దుర్గంధానికి మూలం. డాక్టరు సలహాపై, చౌకగా దొరికే మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా నూరి పుండుపై చల్లితే ఇది చాలవరకు తగ్గుతుంది. కిందటి వారం తీవ్రమనీ ఈ వారం స్వల్పమనీ వ్రాసి ఉంటేనే గదా మందు పనిచేసిందని తెలిసేది!

నొప్పి విషయంలో తెలుగు నర్సు అదృష్టవంతురాలు. సలుపు, పోటు, మంట, తీపు, గుంజుడు—ఒక్కొక్క బాధకు ఒక్కొక్క మాట ఉన్నది. వీటన్నిటినీ ‘నొప్పి’ అని కుదించివేయక, రోగి అన్న మాటనే వ్రాయాలి. కట్టు మార్చేటప్పుడే మంట పుడితే, మందు అంతకు కొంతసేపు ముందే పడాలి. రాత్రింబవళ్ళు సలుపుతున్నదంటే మార్ఫిన్ సంగతి డాక్టరు ఆలోచించవలసియుంటుంది. దానిని రోగులకు అందించడంలోని చిక్కులను సడలిస్తూ 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

కొలబద్దకు అందనిది మరొకటి ఉన్నది. రోగి ఎక్కడ కూర్చొని అన్నం తింటున్నాడు? వాసనకు సిగ్గుపడి వసారాలో ఒంటరిగానా, నలుగురి నడుమనా? మనుమలను దగ్గరకు రానిస్తున్నాడా? కేన్సరు అంటువ్యాధి కాదని ఇంటివారికి చెప్పవలసిన సమయమూ ఇదే. ఆ సంగతిని కూడా తారీఖు వేసి, సెంటీమీటర్ల పక్కనే వ్రాయాలి.