సొంత వ్యాపారం

మార్కాపురం పేరు వినగానే బడిపలక జ్ఞప్తికి వస్తుంది. ఆ ప్రాంతపు పలకరాయిపై ఎందరో బాలబాలికలు అక్షరాలు దిద్దారు. పలక మీది రాత చేయి తగిలితే చెరిగిపోతుంది. అది విద్యార్థికి సౌకర్యమే కాని, వ్యాపారికి నష్టం. ఒంటరిగా వ్యాపారం చేసే వ్యక్తికి చెరగని లెక్క ఎందుకు అవసరమో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఒకే వ్యక్తి పెట్టుబడి పెట్టి, తానే నిర్వహించి, లాభనష్టాలను తానే భరించే వ్యాపారాన్ని సొంత వ్యాపారం అంటారు. పల్లెల్లోని కిరాణా కొట్లు, పిండిమరలు, కుట్టుపని దుకాణాలు చాలావరకు ఈ కోవకు చెందినవే. భాగస్వామ్య సంస్థలకు 1932 నాటి చట్టం, కంపెనీలకు 2013 నాటి చట్టం ఉన్నాయి. సొంత వ్యాపార స్థాపనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. చట్టం దృష్టిలో యజమాని, వ్యాపారం వేర్వేరు కావు. యజమాని పాన్ సంఖ్యయే వ్యాపారానికీ వర్తిస్తుంది.

వెలిగండ్లలో ఒక యువతి కిరాణా దుకాణం తెరవదలచిందనుకొందాం. ఆమె మొదట గ్రామ పంచాయతీలో విచారించాలి. దుకాణాల నమోదు నిబంధనలను కార్మిక శాఖ వద్ద తెలుసుకోవాలి. ఆహార పదార్థాలు అమ్ముతుంది కనుక 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం నమోదు కావాలి. 2020 జూలై 1న ప్రారంభమైన ఉద్యమ్ నమోదును ఆధార్ సంఖ్యతో ఉచితంగా చేసుకోవచ్చు. వర్తకులకు ఈ అవకాశం 2021లో లభించింది. అది బ్యాంకు రుణాలలో ప్రాధాన్యానికి తోడ్పడుతుంది. రాష్ట్రంలోపలే సరకులు అమ్మే వ్యాపారి వార్షిక అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. దుకాణం పేరిట బ్యాంకులో కరెంటు ఖాతా తెరవడానికి ఇటువంటి పత్రాలే ఆధారం.

అయితే అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలవుతుంది. ఈ ప్రాంతంలో వానపై ఆధారపడిన మెట్టభూములు ఎక్కువ. పంట చేతికి రాగానే ఇస్తామని కొందరు సరకులు అరువు తీసుకొంటారు. ఆమె ఒక నెలలో 50 వేల రూపాయలకు కొన్న సరకును 60 వేలకు అమ్మిందనుకొందాం. అందులో 20 వేలు అరువు. లెక్క ప్రకారం లాభం 10 వేలు. కాని చేతికి వచ్చినది 40 వేలే. టోకు వర్తకుడికి మాత్రం 50 వేలు చెల్లించాలి. లాభం వచ్చిన నెలలోనే ఆమె 10 వేలకు తడుముకోవలసి వచ్చింది.

వానలు కురియక బాకీలు నిలిచిపోతే ఈ లోటు పెరుగుతుంది. దుకాణంలోని సరకంతా అమ్మినా అప్పు తీరనప్పుడు, యజమాని సొంత ఆస్తి నుండి కూడా రుణదాతలు చట్టప్రకారం రాబట్టుకోవచ్చు. దీనినే అపరిమిత రుణబాధ్యత అంటారు. ఏ నమోదు పత్రమూ ఈ బాధ్యతను తొలగించదు.

కనుక సొంత వ్యాపారి ఇంటి ఖర్చును, దుకాణం డబ్బును వేరుగా ఉంచాలి. అరువుకు ఒక హద్దు పెట్టుకోవాలి. ఏ రోజు లెక్కను ఆ రోజే పుస్తకంలో రాసుకోవాలి. ఎవరి అనుమతీ అడగకుండా నిర్ణయం తీసుకొనే స్వేచ్ఛ సొంత వ్యాపారికి ఉంది. ఆ నిర్ణయం తప్పితే కలిగే నష్టాన్ని పంచుకొనే వారు మాత్రం లేరు. దుకాణం తలుపు తెరిచే ముందే ఈ రెండింటినీ తూచి చూసుకోవడం వివేకం.