పేరులేని మాంత్రికుడు

పొందూరు ఖద్దరు ఎంత సన్ననిదో ఎరుగనివారు తెలుగుదేశమున అరుదు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, రాట్నముపై నూరు నంబరు నూలు తీయు స్త్రీల చేతిపని అది. పంచె కట్టినవానికి పొందూరు పేరు తెలియును; నూలు వడికిన ఆమె పేరు తెలియదు. తెలుగు పిల్లల కథాలోకమునందును ఇట్టి వింత ఒకటి అరశతాబ్దము సాగినది.

1947 జూలైలో మద్రాసునందు నాగిరెడ్డి, చక్రపాణి గారలు 'చందమామ'ను ప్రారంభించిరి. 1954లో అందు 'తోకచుక్క' అను సీరియలు మొదలైనది. పిమ్మట మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు! నెలనెలా అంచె కొరకు కనిపెట్టుకొని కూర్చున్న బాలురు నేడు తాతలైనారు. బొమ్మ మూలన 'చిత్ర' అను సంతకము కనబడెడిది. కథ క్రింద మాత్రము ఏ పేరును లేదు. చక్రపాణిగారే వ్రాయుచున్నారని కొందరు, కొడవటిగంటి కుటుంబరావుగారని మరికొందరు తలచిరి. వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. 1952 నుండి 2006 వరకు ఆయన ఆ కార్యాలయముననే పనిచేసిరి.

ఈ సంగతి బయటపడిన కొలది అభిమానులలో వాదము పెరిగినది. కథలు పత్రికవి, పలువురి చేతులు తగిలి పక్వమైనవి, పిల్లవానికి కథ కావలెను గాని కథకుని పేరెందుకని ఒక పక్షము. ఈ వాదమున బలము లేకపోలేదు. కుటుంబరావుగారు సైతము పేరు లేకయే ఆ పత్రికకు ఏండ్ల తరబడి చాకిరి చేసిరి. కాని జానపద కథను తిరిగి చెప్పుట వేరు, పండ్రెండు సీరియళ్లను స్వయముగా కల్పించుట వేరు. చిత్రకారునికి దక్కిన మూల జాగా రచయితకు ఏల దక్కలేదను ప్రశ్నకు మొదటి పక్షము నుండి సరియైన సమాధానము నేటికిని రాలేదు.

పాశ్చాత్య దేశములలో ఇందుకు విరుద్ధమైన కలత నడచుచున్నది. హారీ పోటర్ కథలు వ్రాసిన రౌలింగ్, లింగమార్పిడి వ్యక్తులను గూర్చి 2020లో ప్రకటించిన అభిప్రాయములు అనేక పాఠకులను నొప్పించినవి. ఆ చలనచిత్రముల కథానాయకుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ బహిరంగముగా విభేదించెను. పుస్తకమును ప్రేమించుచు రచయిత్రిని మరచుట ఎట్లని వారి బాధ. పుస్తకమును ప్రేమించితిమి గాని రచయితను ఎరుగమైతిమే యని మనవారి బాధ.

రచయిత తెలిసిన పిమ్మట కథలను మరల చదివినవారికి కొన్ని లోపములును కనబడినవి. స్త్రీ పాత్రలు బహు స్వల్పము. ఉన్నవారును తరచుగా అపహరింపబడు రాకుమార్తెలు. అడవిజాతులను భయంకరులుగా చూపిన ఘట్టములు శ్రీకాకుళపు కొండలలో సవర పిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయునికి ముల్లువలె తగులును. అయినను 'శిథిలాలయం' తెరచినచో శిఖిముఖి ఎదురగును. అతడు రాచబిడ్డ కాడు, అడవి గూడెపు యువకుడు. విక్రమకేసరికి సేవకుడుగా గాక చెలికాడుగా నడచును. మరియు ఈ మాంత్రికుల మంత్రములు చివరికి మనుష్యుని ధైర్యము ముందు, యుక్తి ముందు వీగిపోవును. మూఢనమ్మకములు నేర్పునని ఈ సీరియళ్లను పిల్లల చేతినుండి లాగికొన్న పెద్దలు కథ ముగింపు వరకు చదివియుండరు.

2010లో దాసరివారు కన్నుమూసిరి. 2013 నాటికి చందమామ అచ్చు కూడ ఆగిపోయినది. పాత సంచికలను అటకలనుండి దింపి, చిరిగిన పుటలను జతచేసి, అభిమానులే ఆ సీరియళ్లను కాపాడుకొనిరి. అవి పుస్తకములుగా వెలువడినప్పుడు చిత్రగారి బొమ్మలతోపాటు అట్టపై దాసరి సుబ్రహ్మణ్యం అను పేరును అచ్చయినది.