ఒకే ఆల్బమ్‌ను అయిదుసార్లు కొన్నాను

“ఇది మనింట్లో ఉన్నదే కదండీ?” అని మా శ్రీమతి అడిగినప్పుడల్లా నా సమాధానం ఒకటే. “ఉన్నదే. కానీ ఇది వేరు.” ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో ఇతరుల లెక్కల్లో తప్పులు పడుతున్నవాణ్ణి, ఇలాంటి సమాధానాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడని నాకు తెలియనిది కాదు.

మాది తాతగారి కాలంలో హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నాన్నగారి రికార్డుల పెట్టెలో ఘంటసాల భగవద్గీతది అగ్రస్థానం. అలాంటి ఇంట్లోకి నేను బీకాం చదివే రోజుల్లో ఒక స్నేహితుడి దగ్గర నుంచి బీటిల్స్ కాసెట్ పట్టుకొచ్చాను. 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’. నకలుకు నకలు, దానికి మళ్లీ నకలు. పాట వెనకాల ఎవరో పక్కగదిలో ఉల్లిపాయలు వేయిస్తున్నట్టు ఒకటే చుయ్యిమనే చప్పుడు. “ఆ కేకలేమిట్రా?” అని నాన్నగారు విసుక్కునేవారు. ఆ కేకల్లోనే నా యౌవనం గడిచిపోయింది.

1995లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో, బ్రిగేడ్ రోడ్డులో అదే ఆల్బమ్ సీడీ కొన్నాను. ఆ నెల చిట్టీ డబ్బు ఆలస్యంగా కట్టాను. ఉల్లిపాయల చప్పుడు మాయమైంది. ఇంతకంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

కావలసినవి చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది. రీమాస్టరింగ్ అనే మాట తెలియనివారికి బ్యాంకు భాషలో చెబుతాను. జిరాక్సుకు జిరాక్సు తీస్తూపోతే అక్షరాలు అలుక్కుపోతాయి కదా. అప్పుడేం చేస్తాం? బీరువా తెరిచి మూల దస్తావేజు తీస్తాం. పాటలకు ఆ దస్తావేజు మాస్టర్ టేపు. మొదటి తరం సీడీలు చాలావరకు మూలం నుంచి కాక, గ్రామఫోను రికార్డు చెక్కడానికి సవరించి పెట్టుకున్న నకలు టేపుల నుంచి తయారయ్యాయి. అందుకే కొన్ని అంత పొడిగా, పలుచగా వినిపించేవి. అసలు టేపును వెతికి, శుభ్రం చేసి, మంచి యంత్రాల మీద మళ్లీ డిజిటల్‌లోకి ఎక్కించడమే రీమాస్టరింగ్.

అసలు టేపులు ఎప్పటికీ ఉంటాయనీ లేదు. 1970ల నాటి కొన్ని రకాల టేపుల పూత తేమ పీల్చుకుని జిగురుగా మారుతుంది. వాటిని తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టిగానీ యంత్రం మీద తిప్పరు. ఇక 2008లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులెన్నో కాలిపోయాయన్న సంగతి పదకొండేళ్ల తర్వాత పత్రికలకెక్కింది. దస్తావేజు కాలిపోతే ఏమవుతుందో మా శాఖలో అడగండి, చెబుతారు.

2009 సెప్టెంబరు 9న బీటిల్స్ ఆల్బమ్‌లన్నీ రీమాస్టరై వచ్చాయి. లండన్ అబీ రోడ్ స్టూడియోలో నాలుగేళ్లు పట్టిన పని అది. మొత్తం 525 నిమిషాల సంగీతంలో చప్పుడు తొలగించే సాధనం వాడింది అయిదు నిమిషాల లోపేనట! ఆ సంయమనానికి నమస్కారం పెట్టాలి. ఎందుకంటే 1990ల నడుమ నుంచి రీమాస్టర్ పేరుతో వచ్చిన సీడీలు కొన్ని శబ్దాన్ని పెంచడమే పనిగా పెట్టుకున్నాయి. మెల్లగా వినిపించవలసింది, గట్టిగా వినిపించవలసింది రెండూ ఒకే ఎత్తుకు వచ్చి కూర్చుంటాయి. పప్పులోనూ పెరుగులోనూ ఒకే మోతాదు కారం వేసి వడ్డించినట్టు!

స్టీరియో కొన్నానా, పక్కనే మోనో సీడీల పెట్టె. బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్. స్టీరియో తర్వాత ఎక్కువగా వాళ్లు లేకుండానే చేశారు. ఒక పాట అయితే రెండింటిలో వేగం కూడా తేడా. మరి కొనక తప్పుతుందా? 2017లో జైల్స్ మార్టిన్ రీమిక్స్ చేశాడు. ఆనాడు నిర్మాత అయిన జార్జ్ మార్టిన్ కుమారుడు. రీమిక్స్ అంటే మన పాత సినిమా పాటలకు కొత్త డప్పులు తగిలించడం కాదు సుమా. విడివిడిగా రికార్డు చేసిన టేపుల దాకా వెనక్కి వెళ్లి, మళ్లీ కూర్చడం. అదీ కొన్నాను. కాసెట్‌తో కలిపి అయిదు.

నిరుడు మా అమ్మాయి పరీక్ష పెట్టింది. 1987లో విడుదలైన సీడీ, 2009 సీడీ రెండింటినీ ఒకే శబ్దస్థాయికి తెచ్చి – కాస్త గట్టిగా మోగేదే మేలైనదిగా తోస్తుంది కాబట్టి అది న్యాయమే – నా కళ్లకు తువ్వాలు కట్టి పదిసార్లు వినిపించింది. ఆరుసార్లు సరిగా చెప్పాను.

“నాణెం ఎగరేసినా అయిదు వస్తాయి నాన్నా,” అంది.

మా శ్రీమతి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

తర్వాత కొద్ది రోజులకే, ఫోనులో ఖాతాదారుల మాటలు సరిగా అందడం లేదని చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన ఇచ్చిన గ్రాఫులో గీత 4,000 హెర్ట్జ్ దాకా బుద్ధిగా నడిచి, అక్కడి నుంచి మెట్లు దిగిపోయింది. “ఈ వయసుకు మామూలేనండి,” అన్నారాయన. కొనుగోలుకు డబ్బు లేని రోజుల్లో చెవులుండేవి. డబ్బు వచ్చాక ఇదీ సంగతి.

ఇంటికి వచ్చి ఒక విషయం గుర్తుచేసుకున్నాను. ఆ ఆల్బమ్ చివర, ఆఖరి పియానో స్వరం ముప్పావు నిమిషం పాటు సన్నగిల్లి ఆగిపోయాక, 15 కిలోహెర్ట్జ్ కీచుశబ్దం ఒకటి ఉంటుంది. ఇళ్లలో కుక్కలు ఉలిక్కిపడాలని బీటిల్స్ చేసిన తుంటరి పని. వెంటనే అర్థంలేని మాటల గోల. 1995లో ఆ కీచు నాకు పంటినొప్పిలా తగిలింది. బాగా గుర్తు.

పాత సీడీయే పెట్టి అమ్మాయిని పిలిచాను. పియానో అయిపోయింది. అంకెలు తిరుగుతున్నాయి. గదిలో నాకు నిశ్శబ్దం. అమ్మాయి మొహం చిట్లించి రెండు చెవులూ మూసుకుంది.

“వచ్చిందా?” అన్నాను.

“వస్తోంది నాన్నా... అబ్బ... ఆ, ఆగింది.”

అంతలో ఆ మాటల గోల మొదలైంది. అది నాకూ వినిపించింది.